ఓడరేవుకు మూడో నంబరు హెచ్చరిక, మా కొండకు ఏ నంబరు?

ఒడిశా దక్షిణ సరిహద్దు కొండ జిల్లాల్లో విపత్తుల పని చూసే అధికారులకు, కొండ రోడ్లు వేసే ఇంజనీర్లకు, అటవీ శాఖ వారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న వ్యాపారిని. కొండ సంతల్లో జీడిపిక్కలు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు కొని కిందికి తెస్తాను. పైకి ఉప్పు, నూనె, ఉల్లిపాయలు పట్టుకెళ్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో సవర. మూడు భాషల్లోనూ బేరమాడగలను కానీ ఇంతవరకూ ఏ భాషలోనూ ఇలాంటి ఉత్తరం రాయలేదు. మూడు అర్జీలు పెట్టాను. వాటి రసీదులు నా గల్లాపెట్టెలో భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఇప్పుడు అందరికీ వినపడేలా రాస్తున్నాను.

తుఫాన్ల విషయంలో మీరు సాధించింది తక్కువేమీ కాదు. 1999లో సూపర్ సైక్లోన్‌కు దాదాపు పది వేల మంది పోయిన రాష్ట్రంలో, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే షెల్టర్లకు తరలించి ప్రాణాలు నిలబెట్టారు. ఆ సంగతి ఎవరూ కాదనరు. అయితే ఆ ఏర్పాటంతా సముద్రం వైపు చూస్తూ కట్టింది. వాయుగుండం పట్టిందంటే రేడియోలో మొదట వినిపించే మాట చిన్నప్పటి నుంచీ మాకు కంఠతా వచ్చు: కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక, గోపాల్‌పూర్‌లో ఫలానా నంబరు. పడవ ఉన్నవాడికి ఆ నంబరు చాలు. వంశధారకు వరదొస్తే గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో గంటగంటకూ చెబుతారు. హిరమండలంలో ఉన్నవాడు దాన్నిబట్టి గేదెల్ని విప్పుకుంటాడు. ఆ నీరంతా ఏ కొండల మీద పడి వచ్చిందో, ఆ కొండల మీద ఉన్నవాడికి ఏ నంబరూ లేదు, ఏ క్యూసెక్కూ లేదు.

ఇక విషయానికొస్తాను.

1. బరఘరా అనే కొండ ఊరు గుర్తుందా? 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలడం లోకమంతా టీవీలో చూసింది. అదే తుఫాను వాన గజపతి జిల్లా కొండల మీద కుమ్మరించింది. బరఘరా జనం తమ ఇళ్లు ఆగవేమోనని, కొండరాతి కింద గుహలాంటి చోటికి వెళ్లి తలదాచుకున్నారు. కొండ సరిగ్గా దాని మీదికే జారింది. పదిహేను మందికి పైగా పోయారు. రోడ్లు తెగి, ఫోన్లు మూగబోయి, ఆ కబురు కిందికి రావడమే ఆలస్యమైంది.

వాళ్లు నిర్లక్ష్యంగా ఉండి పోలేదు. మనమందరం చెప్పేదే చేశారు: గాలివాన వస్తే గట్టి చోటు చూసుకోండి అంటాం కదా, చూసుకున్నారు. గాలి నుంచి కాపాడే చోటు వేరు, కొండ నుంచి కాపాడే చోటు వేరు అన్న ఒక్క మాట వాళ్లకు ముందుగా చేరలేదు. ఇన్నేళ్లు గడిచాక కూడా నేను తిరిగే పేటల్లో ఆ మాట చెప్పిన మనిషి నాకు కనబడలేదు. 2025 అక్టోబర్ మొదట్లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన వాయుగుండం వానలకు ఇదే జిల్లాలో మళ్లీ కొండలు జారాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి.

2. నేను పెట్టిన అర్జీలు దేని గురించంటే, ఒక పగులు గురించి. నేను వెళ్లే సంత ఊరికి పైన ఒక సవర పేట ఉంది. ముప్ఫై ఎనిమిది గడపలు. పేట వెనక వాలులో, జీడి చెట్ల మధ్య, నేల ఒక చోట చిట్లింది. మొదట్లో బెత్తెడు పొడవే, నాగలి గీసిన చాలేమో అనుకున్నాం. తర్వాత వాలుకు అడ్డంగా, అర్ధచంద్రంలా సాగింది. నా గొడుగు దించి చూశాను. పిడి దాకా దిగిపోయింది.

ఆ పేటలో పదో తరగతి తప్పి జీపు మీద క్లీనరుగా పనిచేసే కుర్రాడొకడున్నాడు. పగులుకు ఇటో కర్ర, అటో కర్ర పాతి మధ్యలో తాడు కట్టాడు. ఆషాఢంలో ఆ తాడు వదులుగా, బట్టలు ఆరేసే తీగలా వేలాడేది. వినాయక చవితి నాటికి తంబురా తీగలా బిగిసింది. వేలితో మీటితే మోగింది. ఆ రోజే నేను రెండో అర్జీ రాయించాను. తాడు సంగతి కూడా అందులో రాశాను. ఒక ఆఫీసులో అది అటవీ భూమి అన్నారు. ఇంకో ఆఫీసులో అది రోడ్డు పని వల్ల వచ్చిందన్నారు. మూడోచోట అర్జీ తీసుకున్నాయన నా ముఖం చూసి, జీడిపిక్కల వ్యాపారికి పగుళ్లతో పనేంటని అడిగాడు. నిజమే, అడగాల్సిన ప్రశ్నే. ఆ పేటలో నా దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారండీ. స్వార్థమే అనుకోండి. కానీ రాత్రి వాన పట్టినప్పుడు నాకు గుర్తొచ్చేది అడ్వాన్సు కాదు.

3. కొండ ఎందుకు జారుతుందో మీకు నేను చెప్పేదేముంది, మీ ఇంజనీర్లకు బాగా తెలుసు. అయినా పేటవాళ్లకు నేను ఎలా చెబుతానో వినండి. తూర్పు కనుమల్లో మా వైపు ఎక్కువగా ఉండే రాయిని ఖోండలైట్ అంటారు, ఖోండులనే ఆదివాసుల పేరు మీదే పెట్టారు. (రాయికి వాళ్ల పేరు దక్కింది. వాళ్ల ఊళ్లకు దక్కాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.) ఎండకూ వానకూ ఆ రాయి లోతుగా మెత్తబడి ఎర్రమట్టిగా మారిపోతుంది. పైన మందపాటి మట్టి, అడుగున గట్టి రాయి. పది రోజులు ముసురు పట్టి మట్టి నానిపోయాక, ఒక్క రాత్రి కుండపోత కురిస్తే నీరు రాతి దాకా దిగి, ఇంకెటూ పోలేక, మట్టిని లోపలి నుంచి పైకెత్తుతుంది. మా గోడౌన్లో ఒకసారి టార్పాలిన్ మీద పేర్చిన బస్తాల కిందికి నీరు చేరింది. ఎవరూ ముట్టుకోకుండానే ఆరు వరసల బస్తాలు నడిచి గుమ్మం దాకా వచ్చాయి. కొండదీ అదే కథ.

జారిన మట్టి గెడ్డలో, అంటే కొండవాగులో పడితే ఇక అది వరద కాదు. చిక్కటి ముద్దలా, బండరాళ్లనూ మానులనూ మోసుకుంటూ దిగుతుంది. గంటకు 50 కిలోమీటర్లు దాటగలదు. ఆ ఘాట్‌లో మా జీపు ఇరవై దాటదు. 2024 జూలై 30న వయనాడ్‌లో అలాంటి ప్రవాహం దాదాపు 8 కిలోమీటర్లు పరుగెత్తి ముండక్కై, చూరల్‌మల మీద పడింది. కాబట్టి మా ఊరు కొండకు దూరమే కదా అన్న ధీమా పనికిరాదు. గెడ్డ ఒడ్డున ఉంటే కొండ పక్కన ఉన్నట్టే.

ఇందులో ఒక మోసం ఉంది, అది ప్రతి పేటకూ తెలియాలి. జోరున వాన పడుతుండగానే గెడ్డ ఉన్నట్టుండి సన్నబడితే, జనం హమ్మయ్య అనుకుని దాటడానికి దిగుతారు. నేనూ అలా దాటినవాణ్నే. పైన ఎక్కడో మట్టీ మానులూ అడ్డంపడి నీటిని ఆపేశాయనడానికి అది గుర్తు కావచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ అడ్డు తెగిందంటే కింద ఉన్నవాడికి ఒడ్డెక్కే టైము ఉండదు. నీరు హఠాత్తుగా ఎర్రబారి చిక్కబడడం, పైనుంచి చెట్లు విరుగుతున్నట్టు, రాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు రావడం, బాగున్న తలుపు బిగుసుకుపోవడం, ఇవన్నీ కూడా లేచి పక్కకు పొమ్మనే గుర్తులే. పక్కకు అంటే గెడ్డ వెంట కిందికి కాదు, గెడ్డకు అడ్డంగా, పక్క గట్టు మీదికి.

4. రోడ్డు. ముందే చెబుతున్నాను, రోడ్డు వద్దని ఎవరూ అనడం లేదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసినవాళ్లు ఆ పేటలో ఇంటికొకరున్నారు. అడుగుతున్నది రోడ్డు వేసే తీరు గురించే. వాలు అడుగును జేసీబీతో నిలువుగా కోసేశారు. కోసిన మట్టినీ రాళ్లనూ లారీ ఖర్చు కలిసొస్తుందని అవతలి అంచు నుంచి గెడ్డలోకే తోసేశారు. రేపు ముద్దగా దిగబోయే సరుకును మనమే గెడ్డ నోట్లో పెట్టినట్టయింది. కొండవైపు కట్టిన గోడకు నీరు కారడానికి బెజ్జాలు లేవు. నేను ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాను, ఒక్క పైపు ముక్క కనబడలేదు. వాన నీరు గోడ వెనకే నిలిచి దాన్ని ముందుకు తోస్తోంది. ఇప్పటికే గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది.

ఇక రోడ్డు కింది తూము. వంగి లోపలికి చూస్తే అవతలి వెలుతురు గుప్పెడంత కనబడుతుంది. మిగతాదంతా తలకాయంత రాళ్లు, జీడి కొమ్మలు, ఒక సిమెంటు బస్తా. ముప్ఫై ఎనిమిది గడపల వానంతా ఆ గుప్పెడు సందులోంచి పోవాలట. పోలేక రోడ్డెక్కి, పేట వైపు తిరుగుతోంది. పేటవాళ్లు రెండుసార్లు పారలతో తీశారు. పైనుంచి రాళ్లు రావడం ఆగనిదే వాళ్లెన్నిసార్లు తీస్తారు?

5. తప్పంతా పోడుదే అని మీలో కొందరంటారు. పోడుకూ పాలుంది, కాదనను. చెట్టు కొట్టేసిన రెండు మూడేళ్లకు అడుగున వేళ్లు చివికి మట్టి పట్టు వదులుతుంది. ఇదివరకు ఒకచోట పోడు కొడితే మళ్లీ చాలా ఏళ్లకు గానీ అక్కడికి తిరిగొచ్చేవారు కాదు, ఇప్పుడా వ్యవధి లేదు. నాలాంటి వ్యాపారులు జీడికి ఎగబడి ధర పెట్టడం కూడా అందుకొక కారణమే, ఒప్పుకుంటాను. కానీ ఇదే సవరలు కొండ వాలులో రాళ్లు పేర్చి, నీరు ఎటు రావాలో ఎటు పోవాలో లెక్కగట్టి తరతరాలుగా నిలబెట్టిన మెట్ల పొలాలు ఒకసారి వెళ్లి చూడండి. వాలు మీద నీటిని మళ్లించడం వాళ్లకు నేర్పక్కర్లేదు. రోడ్డు గీత గీసే ముందు వాళ్లను అడిగితే చాలు.

6. వాన లెక్క. వాతావరణ శాఖ లెక్క ప్రకారం 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. బాగానే ఉంది. కానీ ఆ కొలత పెట్టె ఉండేది కింద, బ్లాకు ఆఫీసు దగ్గర. కొండ నెత్తిన మబ్బు ఆగిపోయి కురిసేటప్పుడు కింద ఒక్కోసారి ఎండ కాస్తుంది. పైగా రోజంతా తీరిగ్గా పడ్డ 120 మిల్లీమీటర్లూ, మూడు గంటల్లో దిమ్మరించిన 120 మిల్లీమీటర్లూ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు తీసే లెక్కలో ఒకటే. కొండకు మాత్రం ఒకటి కావు. నిటారు గోడలున్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి ఆరుబయట పెడితే ఎవరైనా గంటగంటకూ వాన కొలవచ్చు. ఆ క్లీనరు కుర్రాడికి ఈ పని అప్పగిస్తే మీ ఆఫీసు కంటే శ్రద్ధగా చేస్తాడని నా హామీ.

మ్యాపులున్నాయంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014 నుంచి దేశంలో కొండలు జారే ప్రాంతాలకు ముప్పు మ్యాపులు తయారు చేసింది. స్కేలు 1:50,000. అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు, నేల మీద అర కిలోమీటరు. మా పేటంత ఊరు అలాంటి కాగితం మీద నా చిటికెన వేలి గోరు కింద దాగిపోతుంది. ఏ ఇల్లు గెడ్డ దారిలో ఉందో ఆ గోరు కింద ఎలా తెలుస్తుంది? కోల్‌కతాలో 2024 జూలైలో కొండచరియల ముందస్తు అంచనా కేంద్రం పెట్టారు. డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరులతో మొదలుపెట్టారు. సంతోషం. మా వంతు ఎప్పుడో అదీ చెప్పండి.

7. భాష. ఫోన్లకు ఒడియాలో మెసేజ్ పంపి పనైపోయిందనుకోవద్దు. పైన టవరు అందదు, అందినా ముసలివాళ్లు చదవలేరు. మా పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరికి వెళ్లి, వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలని పట్టుబట్టారు. అది వందేళ్ల కిందటి మాట. ఇవాళ ప్రాణం మీదికొచ్చే కబురు కూడా ఆ భాషలో చెప్పలేకపోతే ఎలా? పేటకు ఒక హ్యాండ్ సైరను, సంతలో మైకులో సవరలో, ఒడియాలో, తెలుగులో రెండేసి ముక్కలు. ఇంతకు మించి ఖర్చు లేదు. కావాలంటే సంత మైకు నాదే, ఊరికే ఇస్తాను.

8. డబ్బు. ప్రాణం పోతే 4 లక్షలు వస్తాయి. ప్రాణాలు దక్కి పొలం పోయినవాడి మాటేంటి? 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ లెక్క ప్రకారం కొండ జారి భూమి కొట్టుకుపోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000. ఎకరాకు పంతొమ్మిది వేలు. పొలంలో పడ్డ రాళ్లూ మట్టీ తీసుకోవడానికి హెక్టారుకు 18,000, ఎకరాకు ఏడు వేల పైచిలుకు. మాకు జేసీబీ గంటకు పన్నెండు వందలు, పైకి ఎక్కించే బాడుగ వేరే. ఎకరం పొలంలో పడ్డ బండల్ని ఆరు గంటల్లో తీసే జేసీబీ ఇంకా పుట్టలేదు. అదీ భూమి పోయినవాడి పేరు రెవెన్యూ రికార్డులో ఉంటేనే. తాత నాటి నుంచి దున్నుతున్నా పట్టా చేతికి రాని కుటుంబాలు ఆ పేటలో సగానికి సగం. వాళ్ల పొలం కొట్టుకుపోతే కాగితం మీద ఏమీ పోనట్టే.

ఆ తర్వాత జరిగేది నాకు తెలుసు, ఎందుకంటే అది నా దుకాణం ముందే జరుగుతుంది. పొలం పోయినవాడు ముందు నా దగ్గర అడ్వాన్సు అడుగుతాడు, తర్వాత కూలీలను పట్టుకెళ్లే మేస్త్రీ దగ్గర అడుగుతాడు, తర్వాత మేస్త్రీ వెంట రైలెక్కుతాడు. ఘాట్ తెగితే సంత ఆగుతుంది. రెండు సంతలు ఆగితే పైన ఉప్పు ధర రెట్టింపు, కింద పసుపు ధర సగం. బళ్లో మాస్టారు రారు. గర్భిణికి మళ్లీ డోలీయే.

మా కోరికలు పెద్దవేమీ కావు. ఒకటి, వచ్చే వానలకు ముందే భూగర్భ శాస్త్రం తెలిసిన మనిషినొకణ్ని ఆ పగులు దగ్గరికి పంపండి. పేట ఖాళీ చేయాలని ఆయన చెబితే, ఎక్కడికో, ఎంత భూమితోనో పేటవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి, రాత్రికి రాత్రి లారీ ఎక్కించకండి. రెండు, తూము తీయించి పెద్దది వేయించండి, గోడకు బెజ్జాలు పెట్టించండి, గెడ్డలో పోసిన మట్టిని పోసినవాళ్ల ఖర్చుతోనే ఎత్తించండి. మూడు, గెడ్డ ఒడ్డునున్న ప్రతి పేటకూ వానరాత్రి ఎక్కడికి వెళ్లాలో పగలే నడిపించి చూపించండి. బడి కూడా గెడ్డ ఒడ్డునే ఉంటే దాన్ని షెల్టరని రాసుకోవద్దు. నాలుగు, కొండ మీద వాన కొలిచే ఏర్పాటు, అది చూసి సైరను మోగించే అధికారం పేటవాళ్ల చేతికే ఇవ్వండి. కింది నుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగమంటే అది బరఘరాకే దారి. ఐదు, పట్టా లేకున్నా సాగులో ఉన్నవాడికి గ్రామసభ మాట మీద నష్టపరిహారం ఇచ్చే దారి చూడండి. ఆరు, అర్జీకి జవాబివ్వండి. కాదు అని రాసినా జవాబే.

మహారాష్ట్రలో మాలిన్ అనే ఊరు 2014 జూలై 30న కొండ కింద పడి నూట యాభై మంది దాకా పోయినప్పుడు, ఆ సంగతి బయటి లోకానికి మొదట చెప్పింది రోజూ అక్కడికి వెళ్లే బస్సు డ్రైవరు. వెళ్లి చూస్తే ఊరు లేదు. మా పేటకు బస్సు లేదు, వారానికొకసారి సంత జీపు ఉంది. అలాంటి కబురు మొదట మోసుకురావాల్సి వచ్చేది మా డ్రైవరో నేనో. ఆ పని నాకు వద్దు.

గురువారం సంత. జీపు బస్టాండు వెనక నుంచి పొద్దున ఆరింటికి కదులుతుంది. మీలో ఎవరొచ్చినా సరే, ముందు సీటు ఖాళీగా ఉంచమని డ్రైవరుకు చెప్పాను. పైకి వెళ్లాక అరగంట నడక. తాడు ఇంకా అక్కడే ఉంది, మొన్న కుర్రాడు దాన్ని మళ్లీ వదులు చేసి కట్టాడు. ఎంత బిగిసిందో మీరే వేలితో మీటి చూడండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి కొండ సంతలకు తిరిగే ఒక వ్యాపారి